ఓరుగల్లు నుంచి ఆడియాలజీ, స్పీచ్ థెరపీ దాకా: బీఏఎస్ఎల్‌పీ చదవాలనుకునేవాళ్లకు అడుగడుగునా దారి

పిల్లాడికి మూడేళ్లు నిండినా మాట రాకపోతే మన దగ్గర ముందు వస పోస్తారు. తర్వాత బాసర తీసుకుపోతారు. ఆ తర్వాత "వాళ్ల నాయనకు కూడా ఆలస్యంగనే వచ్చినయి" అని ఇంకో ఏడాది ఆగుతారు. చెవి పరీక్ష అనే మాట ఇంట్లో వినపడేసరికి నాలుగో ఏడు దాటుతుంది. పుట్టిన నెలలోపే వినికిడి స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలవ్వాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఆ లెక్కకూ మన ఊళ్లలో జరిగేదానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించేవాళ్లే వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టులు, మాటకు శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టులు. ఉత్తర తెలంగాణలో వాళ్ల సంఖ్య ఇప్పటికీ చాలా తక్కువ.

నేను హనుమకొండలో ఈ పనే చేస్తున్నాను. ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలిసినవాళ్ల పిల్లలు ఈ కోర్సు గురించి అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాద్దామని కూర్చున్నాను. ముందే ఒక మాట చెప్తాను. చదువంతా ఇంగ్లీషులో సాగినా రేపు మీ ముందు కూర్చునేది మన ఊరి భాష మాట్లాడే మనిషి. ఆ భాష మీకు పుట్టుకతో వచ్చింది. దాన్ని వదులుకోకుండా ఈ చదువు ఎలా చదవాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

మొదటి అడుగు: ఏ కోర్సు ఏమిటో తెలుసుకోండి

మనకు కావలసిన డిగ్రీ పేరు బీఏఎస్ఎల్‌పీ, అంటే బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మొత్తం నాలుగేళ్లు. మూడేళ్లు క్లాసులూ క్లినిక్కూ కలిసి నడుస్తాయి, నాలుగో ఏడు పూర్తిగా ఇంటర్న్‌షిప్. వినికిడి, మాట, భాష, గొంతు, మింగడం, ఇవన్నీ ఈ ఒక్క డిగ్రీ కిందికే వస్తాయి.

దీన్ని పోలిన పేర్లతో వేరే కోర్సులు ఉన్నాయి. డీహెచ్ఎల్ఎస్ అనేది ఏడాది డిప్లొమా, దానితో సహాయకులుగా పనిచేయొచ్చు. బధిరుల కోసం చేసే స్పెషల్ బీఎడ్ టీచర్ ఉద్యోగానికి దారి. ఇవి తక్కువ కోర్సులని కాదు, వేరే కోర్సులు. ఇక 'ఆడియాలజీ' అనో 'స్పీచ్ థెరపీ' అనో పేరులో పెట్టుకున్న ఏ కోర్సు గురించి విన్నా ఒక్కటే ప్రశ్న అడగండి: "ఇది పాసైతే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వస్తుందా, ఏ హోదాలో వస్తుంది?" జవాబు సూటిగా రాకపోతే అక్కడ ఫీజు కట్టొద్దు.

ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992లో పార్లమెంటు చేసిన చట్టంతో దానికి ఈ అధికారం వచ్చింది. డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ ఎట్లనో, మనకు ఇది అట్ల. దాని రిజిస్టర్‌లో పేరు ఎక్కితేనే ఈ వృత్తి చేసే హక్కు.

రెండో అడుగు: కాలేజీకి ఆ ఏడాది ఆమోదం ఉందో లేదో చూడండి

దీని మీద ఎక్కువ చెప్తున్నానంటే కారణం ఉంది. నాకు బాగా తెలిసిన ఒకమ్మాయి, పెద్దపల్లి వైపు రైతు కుటుంబం, పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బుతో ఒక సంస్థలో చేరింది. బోర్డు మీద 'ఆర్‌సీఐ గుర్తింపు' అని పెద్ద అక్షరాలు. కానీ ఆ గుర్తింపు పాత బ్యాచ్‌లది, ఆమె చేరిన ఏడాదికి పొడిగించలేదు. రెండో ఏడు మధ్యలో తెలిసింది. ఆమె మళ్లీ వేరేచోట మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పోయిన రెండేళ్లను ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఆమోదం అనేది ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఉండేది కాదు. ఫలానా విద్యా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా, ఇన్ని సీట్లకు అని ఉంటుంది. ఆర్‌సీఐ వెబ్‌సైట్లో రాష్ట్రాల వారీగా జాబితా దొరుకుతుంది. అందులో మూడు చూడండి: సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉందా, కోర్సు బీఏఎస్ఎల్‌పీయేనా, మీరు చేరే ఏడాది ఆ గడువులో ఉందా. ఆ పేజీని ప్రింట్ తీసుకొని అడ్మిషన్ కాగితాలతో కలిపి పెట్టుకోండి. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏదో కూడా అడగండి. హెల్త్ కోర్సు అనగానే మనవాళ్లు కాళోజీ హెల్త్ యూనివర్సిటీదే అనుకుంటారు. అది మన వరంగల్‌లోనే ఉంది కాబట్టి అట్లా అనుకోవడం సహజం. ఈ కోర్సు మాత్రం ఒక్కో సంస్థలో ఒక్కో యూనివర్సిటీ కింద నడుస్తుంది.

మనకు దగ్గరలో పెద్ద పేరున్నది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం. కాజీపేటలో రైలెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. దాని ప్రధాన సంస్థ ముంబైలో 1983లో మొదలైంది. ఎవరి పేరు పెట్టారో ఆ అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషే, ఒకప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. దూరం పోగలిగితే మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. 1965లో పెట్టిన ఈ సంస్థ కేంద్ర ఆరోగ్యశాఖ కింద నడుస్తుంది, దేశంలో ఈ రంగానికి పెద్దన్న లాంటిది. త్రివేండ్రంలోని నిష్ (జాతీయ వాక్, శ్రవణ సంస్థ), పుదుచ్చేరిలోని జిప్‌మర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య సంస్థ) కూడా మంచి చోట్లు.

మూడో అడుగు: అర్హత, ప్రవేశం

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్పనిసరి. వాటితో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉండాలి, 50 శాతం మార్కులు కావాలి. కాబట్టి ఎంపీసీ వాళ్లకూ ఈ కోర్సు ఉంది. ఇది చాలామందికి తెలియదు, బైపీసీ వాళ్లదే అనుకుంటారు. నిజానికి మొదటి సెమిస్టర్‌లో అకౌస్టిక్స్ (ధ్వని శాస్త్రం), డెసిబెళ్లు, లాగరిథమ్‌లు వచ్చినప్పుడు ఎంపీసీ పిల్లలు హాయిగా ఉంటారు, బైపీసీ పిల్లలకు టెన్షన్. మెదడు, నరాలు వచ్చేసరికి తారుమారు.

ప్రవేశ పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. ఈ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి, నిరుటి సీనియర్ చెప్పినదాన్ని పట్టుకొని కూర్చోకండి. ప్రవేశ పరీక్ష ఉన్నచోట అడిగేది చాలావరకు ఇంటర్ సిలబస్సే. కులం, ఆదాయం, స్థానికత సర్టిఫికెట్లు మీసేవలో ఏప్రిల్‌లోనే తీసుకోండి. జూన్‌లో లైన్లు పెరుగుతాయి.

నాలుగో అడుగు: చేరేముందు ఒక పూట క్లినిక్‌లో కూర్చోండి

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ దగ్గర గానీ, దగ్గర్లోని స్పీచ్ థెరపీ క్లినిక్‌లో గానీ అనుమతి అడిగి ఒక పూట చూడండి. సినిమాల్లో లాగా చెవికి మిషన్ పెట్టగానే పిల్ల నవ్వి "అమ్మా" అనదు. ఒకే శబ్దాన్ని రెండు నెలలు నేర్పించాలి. ఏడ్చే పిల్లలు, అలసిపోయిన తల్లులు, పక్షవాతం వచ్చిన తండ్రిని ఆస్తుల గొడవ మధ్యలోనే తీసుకొచ్చే కొడుకులు, అందరినీ చూస్తారు. ఇంతా చూశాక "మళ్లీ రేపు రావచ్చా సార్?" అని మీకు అనిపిస్తే ఈ చదువు మీదే.

అయిదో అడుగు: మొదటి ఏడాదిలో రెండు నోట్‌బుక్కులు

ఒకటి అందరూ రాసుకునేదే, క్లాసు నోట్సు. రెండోదాని గురించి చెప్తాను. దాన్లో పేజీకి ఎడమవైపు ఇంగ్లీషు పదం, కుడివైపు అదే విషయాన్ని నర్సంపేట నుంచి వచ్చిన పెద్దమ్మకు ఎలా చెప్తారో ఆ వాక్యం. టిన్నిటస్ అంటే "చెవిల జోరీగ తిరిగినట్టు సప్పుడు". క్లెఫ్ట్ లిప్ అంటే గ్రహణం మొర్రి. అంతటితో ఆగకుండా, దానికీ గ్రహణానికీ సంబంధం లేదని ఆ తల్లి మీద తప్పు పడకుండా చెప్పే వాక్యం కూడా రాయండి. ఊళ్లో ఆ తల్లినే అందరూ అంటారు కదా. నాలుగేళ్లలో ఆ నోట్‌బుక్ నిండితే మీ దగ్గర ఏ లైబ్రరీలో లేని పుస్తకం ఉన్నట్టే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు కష్టపడతారు. అనాటమీ పదాలు గుర్తుపెట్టుకోవడానికి బొమ్మ గీయడమే మందు. బయటి చెవి, కర్ణభేరి, మూడు చిన్న ఎముకలు, కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం), నరం, మెదడు. పడుకునేముందు రోజూ ఒకసారి చూడకుండా గీయండి. పదో రోజుకు పదాలు వాటంతట అవే వస్తాయి.

ఫొనెటిక్స్ మీద మాత్రం ప్రాణం పెట్టండి. విన్నది విన్నట్టు అంతర్జాతీయ ధ్వని లిపిలో రాయడం ఈ వృత్తికి పునాది. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. రెండో ఏడాది క్లినిక్‌లో భూపాలపల్లి దగ్గరి నుంచి వచ్చిన అయిదేళ్ల బాబుకు ఉచ్చారణ పరీక్ష చేశాను. వాన బొమ్మ చూపిస్తే "ఆన" అన్నాడు. విత్తనాలు చూపిస్తే "ఇత్తనాలు". 'వచ్చిండు' అనాల్సినచోట "అచ్చిండు". పద మొదట్లో 'వ' పోతోందని మూడుచోట్ల తప్పు కొట్టి, థెరపీ అవసరమని రిపోర్టు రాశాను. ఆ కాగితం తీసుకొని బయటికి వచ్చి వాళ్ల అమ్మతో మాట్లాడాను. ఆమె "ఆన పడతాంది సార్, బస్సు అందుతదో లేదో" అంది. మా ఇంట్లో నానమ్మ కూడా అదే అంటుంది! నేను పుట్టి పెరిగిన మాటనే రోగం అని రాశాను. లోపలికి పోయి రిపోర్టు చించి మళ్లీ రాశాను.

పరీక్ష కార్డులు ఎక్కడో ఒకచోట, ఒక తరహా తెలుగు దృష్టిలో పెట్టుకొని తయారవుతాయి. బంగాళాదుంప బొమ్మకు మన పిల్లలు ఆలుగడ్డ అంటారు. వేరుశెనగను పల్లి అంటారు. పళ్లను పండ్లు అంటారు. ఇవి తప్పులు కావు. పక్షవాతంతో మాట పోయిన పెద్దమనిషి "ఆలుగడ్డ" అని గుర్తుచేసుకుంటే అది విజయం, సున్నా మార్కు కాదు. ఇంట్లో ఏమంటారో ముందు ఇంటివాళ్లను అడిగి రాసుకోండి, ఆ తర్వాతే పరీక్ష చేయండి. లంబాడీ, గోండీ, కోయ, ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. ఉట్నూరు నుంచి వచ్చిన గోండు పాపకు తెలుగు పదాలు తక్కువ వస్తే అది భాషా లోపం అని రాయకూడదు. గోండీలో ఎన్ని వస్తాయో తల్లిని అడిగి లెక్కబెట్టాలి.

అసలు లోపం ఎలా ఉంటుందో పోల్చి చూడండి. నాలుగున్నరేళ్ల పాప కాకిని "తాతి" అంటుంది, కుక్కను "తుత్త" అంటుంది. గొంతు వెనక నుంచి రావలసిన 'క' అంతా నాలుక కొసకు వచ్చి 'త' అవుతోంది. ఏ ఊరి యాసలోనూ ఇట్లా ఉండదు. దీనికి థెరపీ కావాలి. 'క', 'గ' కలిసిపోయే పిల్లలకు కుడి, గుడి బొమ్మలు పక్కపక్కన పెట్టి ఆడించొచ్చు. ఇలాంటి జంట పదాలు మీరే ఏరి పెట్టుకోండి, సొంత యాసలోంచి.

ఆరో అడుగు: ఆడియోమీటర్ ముందు

ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ పద్ధతి చూడ్డానికి సులువు. ముందు చెవిలోకి చూడాలి. గుబిలి నిండి ఉంటే, చీము కారుతుంటే ఆ సంగతి తేలాకే ముందుకు. బాగా వినే చెవితో మొదలుపెట్టి 1000 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఇస్తాం. వినపడితే 10 డెసిబెళ్లు తగ్గిస్తాం, వినపడకపోతే 5 పెంచుతాం. పెంచుతూ పోయేటప్పుడు మూడింట రెండుసార్లు ఎక్కడ వేలు లేపితే అదే ఆ శబ్దానికి వినికిడి హద్దు. ఇట్లా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా. పెద్దవాళ్లలో 25 డెసిబెళ్ల లోపు ఉంటే మామూలు వినికిడిగా లెక్కిస్తాం.

కానీ పరీక్ష సగం మీ మాట మీదే నడుస్తుంది. "శబ్దం వినిపించిన వెంటనే చేయి పైకెత్తండి" అంటే డెబ్భై ఏళ్ల పెద్దమ్మ బాగా గట్టిగా వినపడేదాకా ఆగుతుంది. ఆమె వినికిడి ఉన్నదానికంటే దారుణంగా ఉన్నట్టు ఆడియోగ్రామ్‌లో (వినికిడి హద్దులు గుర్తుపెట్టే పటంలో) గీత వస్తుంది. "సప్పుడు ఎంత సన్నగ ఇనవడ్డా సరే పెద్దమ్మా, ఉన్నదో లేదో అన్నట్టున్నా సరే, ఇనవడంగనే వేలు లేపు, పోంగనే దించు" అని చెప్పి చూడండి. అదే మిషన్, అదే చెవి, గీత మారుతుంది.

మాస్కింగ్ దగ్గర దాదాపు అందరూ తికమకపడతారు. దాన్ని ఇట్లా అర్థం చేసుకోండి. ఒక చెవి పూర్తిగా పోయింది అనుకుందాం. ఆ చెవికి మీరు గట్టిగా శబ్దం ఇస్తే అది పుర్రె గుండా అవతలి మంచి చెవికి చేరుతుంది. మామూలు హెడ్‌ఫోన్‌తో సుమారు 40 డెసిబెళ్ల తేడా ఉంటే చాలు దాటే అవకాశం ఉంది, ఎముక మీద పెట్టే వైబ్రేటర్‌తో అయితే దాదాపు వెంటనే. మనిషి వేలు లేపుతాడు, చెవిటి చెవి వింటోందని మీరు రాస్తారు. అందుకే మంచి చెవిలో గాలి హోరు లాంటి శబ్దం పెట్టి దాన్ని పనిలో పెడతాం. సూత్రాలు బట్టీ పట్టకుండా, ఏ శబ్దం ఎటు దాటుతోందో బాణం గుర్తులతో గీసుకోండి.

చిన్నపిల్లలకు వేలు లేపమంటే కుదరదు. రెండున్నర, మూడేళ్లు దాటినవాళ్లకు శబ్దం వినపడ్డప్పుడల్లా డబ్బాలో ఒక బ్లాక్ వేయడం ఆటగా నేర్పుతాం. చింతగింజలు, గోళీలు వాడొద్దు, ముక్కులోనో చెవిలోనో దూరుస్తారు. అంతకన్నా చిన్నపిల్లలకు ఓఏఈ (లోపలి చెవి తిరిగి పంపే సన్నని శబ్దాన్ని పట్టేది), బెరా (శబ్దానికి నరం, మెదడు స్పందించడాన్ని కొలిచేది) పరీక్షలు. బెరాకు పిల్ల నిద్రపోవాలి. జనగామ నుంచి బస్సులో నిద్రపోతూ వచ్చిన పాప క్లినిక్‌లో చస్తే పడుకోదు. ముందురోజు ఫోన్ చేసి "దారిలో పడుకోనియ్యకండి" అని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

మిషన్ పెట్టుకున్న పిల్లలకు రోజూ చేసే లింగ్ పరీక్ష మీ చేతికి ఊపిరంత అలవాటు కావాలి. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్, ఆరే శబ్దాలు. పిల్ల వెనక కూర్చొని, నోటి ముందు కాగితం అడ్డం పెట్టి, ఊపిరి మెడకు తగలకుండా ఒక్కొక్కటి అనాలి. నిన్నటిదాకా 'స్' అందుకున్న పాప ఇవాళ అందుకోకపోతే బ్యాటరీయో, చెవిలో పెట్టే అచ్చుకు పట్టిన తడో, చెవిలో జలుబో వెతకాలి. అమ్మకు ఇది నేర్పితే రోజూ పొద్దున ఇంట్లోనే తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో ఇంకో పని ఉంది, మోత వల్ల చెడిపోయే చెవులు. సిరిసిల్ల మరమగ్గాల మధ్య ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు, సింగరేణి గనుల్లో డ్రిల్లింగ్ చేసినవాళ్లు, కరీంనగర్ గ్రానైట్ కోత మిషన్ల దగ్గరివాళ్లు. వాళ్ల ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా పడుతుంది. ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు హద్దు. చదువుకునేటప్పుడే ఒక సౌండ్ లెవెల్ మీటర్ సంపాదించి మగ్గాల షెడ్డులో నిలబడి కొలవండి. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం నాకు తట్టదు.

ఏడో అడుగు: మాట పోయినవాళ్ల దగ్గర

ఎడమ మెదడుకు దెబ్బ తగిలి కుడి కాలూ చేయీ పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. దాన్ని అఫేసియా అంటాం. నేను చూసిన ఒక పెద్దావిడ కొడుకు పేరు పలకలేకపోయేది, మంచినీళ్లు అడగలేకపోయేది. బతుకమ్మ పాట కోడలు ఎత్తుకుంటే మాత్రం ప్రతి చరణం చివర "ఉయ్యాలో" అని అందుకునేది, తప్పకుండా, తాళంతో సహా. లెక్కబెట్టడం, వారాల పేర్లు, పాట పల్లవి లాంటివి అలవాటుగా వచ్చే మాటలు. అవి చాలాసార్లు మిగిలి ఉంటాయి. అక్కడి నుంచే మెల్లగా అసలు మాట వైపు తాడు లాగుతాం. ఆమె జీవితంలో ఏ పాట ఉందో, ఏ పూజ ఉందో తెలియని థెరపిస్టుకు ఆ తాడు కొస దొరకదు.

నత్తి, గొంతు బొంగురు, ఆటిజం, గుట్కా వల్ల నోటి క్యాన్సర్ వచ్చినవాళ్ల మింగే కష్టం, ఇవన్నీ రెండు, మూడేళ్లలో వస్తాయి. ప్రతి రంగంలో కనీసం ఇద్దరు పేషెంట్లను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అనుసరించండి. పదిమందిని తలా ఒకసారి చూసినదానికంటే ఇది ఎక్కువ నేర్పుతుంది.

ఎనిమిదో అడుగు: ఇంటర్న్‌షిప్, రిజిస్ట్రేషన్

ఎంపిక చేసుకునే వీలుంటే కొన్ని నెలలు పెద్ద ఆసుపత్రిలో, కొన్ని నెలలు జిల్లా స్థాయిలో చేయండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద జిల్లాల్లో నడిచే డీఈఐసీ కేంద్రాల్లో (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు) అంగన్‌వాడీల నుంచి, బడుల నుంచి పంపిన పిల్లలు వస్తారు. వైకల్య ధ్రువపత్రాల కోసం పరీక్షలు చేసే సదరం క్యాంపులో ఒక రోజు ఉంటే సర్టిఫికెట్ అంటే ఏమిటో అర్థమవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 70 డెసిబెళ్ల వినికిడి లోపం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవాళ్లు. మీరు గీసే గీత మీద ఒక ఇంటి పింఛను ఆధారపడుతుంది. అందుకని ఒత్తిడికి లొంగి ఎక్కువ రాయకండి, తొందరలో తక్కువా రాయకండి. చెవుడు నటిస్తున్నట్టు అనుమానం వస్తే దానికి వేరే పరీక్షలున్నాయి, మనిషిని అవమానించాల్సిన పనిలేదు.

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పొందిన పిల్లల కుటుంబాలతో మాట్లాడండి. ఆపరేషన్ ఒక్క రోజు పని, ఆ తర్వాతి శ్రవణ శిక్షణ నెలల తరబడి సాగుతుంది. వారానికి రెండుసార్లు ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ పోలేక మధ్యలో మానేసినవాళ్లను కలుస్తారు. మీరు తిరిగి మన వైపు వచ్చి పనిచేస్తే ఆ ప్రయాణం సగమవుతుంది. ఇది నా స్వార్థం కూడా, రండి.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆలస్యం చేయకుండా ఆర్‌సీఐలో సీఆర్‌ఆర్ నంబరుకు (ఆర్‌సీఐ రిజిస్టర్‌లో మీ నమోదు సంఖ్య) దరఖాస్తు చేయండి. మార్కుల మెమోల్లో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే నెలలు గడుస్తాయి. అయిదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, దానికి గుర్తింపు పొందిన సెమినార్లలో పాల్గొన్న పాయింట్లు కావాలి. సర్టిఫికెట్లు మొదటి రోజు నుంచి ఒక ఫైల్‌లో వేసుకోండి.

తొమ్మిదో అడుగు: ఆ తర్వాత

ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆడియాలజీ గానీ స్పీచ్ గానీ విడిగా ఎంచుకోవచ్చు. బీఏఎస్ఎల్‌పీ అవగానే ఒకటి రెండేళ్లు పనిచేసి, ఏది మీ మనసుకు పట్టిందో చూసుకొని పోవడం మేలని నా అభిప్రాయం. ఉద్యోగాలు ఈఎన్‌టీ ఆసుపత్రుల్లో, డీఈఐసీల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, హియరింగ్ ఎయిడ్ కంపెనీల్లో ఉంటాయి. కంపెనీల్లో జీతం ముందు బాగుంటుంది కానీ అమ్మకాల టార్గెట్ ఉంటుంది. మిషన్ అవసరం లేని చెవికి మిషన్ పెట్టమని చెప్పే చోట ఒక్క రోజు కూడా ఉండకండి. అమెరికా ఆలోచన ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడ స్పీచ్‌కు మాస్టర్స్, ఆడియాలజీకి క్లినికల్ డాక్టరేట్ కావాలి, బీఏఎస్ఎల్‌పీ ఒక్కటి సరిపోదు.

సొంత క్లినిక్ పెట్టాలనుకుంటే మెయిన్ రోడ్డు మీది షట్టర్ వద్దు. ఆటోల మోతలో 20 డెసిబెళ్ల శబ్దాన్ని ఎవరూ వినలేరు. లోపలి వీధిలో, పై అంతస్తులో గది తీసుకోండి, సౌండ్ బూత్‌కు ముందు డబ్బు పెట్టండి, సోఫాలకు తర్వాత. ఆడియోమీటర్‌కు ఏడాదికోసారి కాలిబ్రేషన్ చేయించి ఆ తేదీ కాగితాన్ని పేషెంట్లకు కనపడేలా గోడకు అతికించండి.